నెట్‌వర్క్ కలపొద్దన్న మధ్యాహ్నం

బ్యాకప్ తీయడం ఎవరికైనా వస్తుంది. తీసినదాన్ని అవసరమైన రోజున వెనక్కి తెచ్చి, అందులోంచి కావలసిన మనిషి వివరాన్ని బయటికి లాగడమే కష్టం. ఆ కష్టమేమిటో నాకు కుప్పంలో ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న ఒక గర్భిణి వల్ల తెలిసింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు ఆ సంగతి తెలుసుకుంటే మంచిదని రాస్తున్నాను.

మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగం చూసుకుని నిరుడు రిటైరయ్యాను. ఆ ఆసుపత్రికి పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి శాఖలున్నాయి. మూడు ఊళ్లూ నా నెత్తిమీదే ఉండేవి. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ సర్వర్ ఎవరు కొన్నారు అనేవి మీకు అక్కర్లేదు. ఆ ఫైళ్లు బీరువాలో ఉన్నాయి, ఉండనివ్వండి.

నాకు కోపం ఎక్కువని ఆసుపత్రిలో అందరూ అనేవాళ్లు. నిజమే. ఏసీ చల్లగా ఉంటుందని సర్వర్ గదిలో టిఫిన్ డబ్బాలు విప్పినవాళ్లను నానా మాటలూ అన్నాను. అందుకు నాకు విచారమేమీ లేదు. సాంబారు మరక తుడిచింది నేను కాబట్టి తిట్టే హక్కు కూడా నాదే.

ఇంటి ఓనరు దగ్గర తాళాలు

ముందు పని సంగతి చెబుతాను, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఒకప్పుడు ఒక్కో పనికి ఒక్కో సర్వర్ ఉండేది. బిల్లింగుకు ఒకటి, ఫార్మసీకి ఒకటి, ల్యాబ్‌కు ఒకటి. తర్వాత ఒకే పెద్ద సర్వర్‌లో ఇవన్నీ వేరువేరు యంత్రాల్లా బతికే పద్ధతి వచ్చింది. వాటిని వర్చువల్ మిషన్లు అంటాం. పెద్ద ఇంటిని వాటాలు వేసి అద్దెకిచ్చినట్టు అనుకోండి. ఎవరి తలుపు వాళ్లది, ఎవరి వంట వాళ్లది. వాటాలు వేసి అందరికీ నీళ్లూ కరెంటూ అందించే ఆ ఇంటి ఓనరు పేరు హైపర్‌వైజర్.

మొదట్లో బ్యాకప్ కోసం ప్రతి వాటాలోనూ ఒక చిన్న ప్రోగ్రాం పెట్టేవాళ్లం. దాన్ని ఏజెంట్ అనేవాళ్లం. ఏజెంట్‌కు అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. పుంగనూరు ఫార్మసీ ముందు జనం చీటీలు పట్టుకుని నిలబడి ఉంటే, యంత్రం మాత్రం తీరిగ్గా లేచేది. అక్కడి ఫార్మసిస్టు ఫోన్లో అరిచేవాడు.

"ఏమమ్మా, జరంతో ఉండే బిడ్డకు నీ అప్‌డేటు అయ్యేదాకా ఆగమని చెప్పేదా?"

ఆయన అరుపులో న్యాయం ఉంది. నేను కూడా తిరిగి అరిచేదాన్ని, అది వేరే విషయం.

ఏజెంట్ లేని బ్యాకప్ వచ్చాక ఆ బాధ తప్పింది. ఇందులో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాటాల్లోకి పోదు. నేరుగా ఓనరునే అడుగుతుంది. ఓనరు ఆ యంత్రం డిస్కును ఆ క్షణాన ఉన్నదున్నట్టు పట్టి ఉంచుతాడు. దాన్నే స్నాప్‌షాట్ అంటాం. యంత్రం తన పని ఆపదు. అది కొత్తగా రాసేదంతా కాసేపు పక్కన పడుతూ ఉంటుంది. ఈలోపు సాఫ్ట్‌వేర్ పట్టి ఉంచిన డిస్కును చదివి కాపీ చేసుకుంటుంది. అయ్యాక పక్కన పడినవాటిని అసలు డిస్కులో కలిపేస్తారు.

చాలామందికి ఇందులో నెట్‌వర్క్ సంగతి మింగుడుపడదు. మా ల్యాబ్ సర్వర్ మూసిన నెట్‌వర్క్‌లో ఉండేది. రక్తపరీక్షల మిషన్లు, ల్యాబ్‌లోని పీసీలు, ఆ సర్వర్, అంతే. ఇంటర్నెట్ లేదు, బిల్లింగుతో సంబంధం లేదు. మిషన్లు అమ్మిన కంపెనీ పెట్టిన షరతు అది. అయితే ఆ మూసిన నెట్‌వర్క్‌నే, మాకోసమే అద్దెకు తీసుకున్న లీజు లైను మీద పుంగనూరుకూ కుప్పానికీ సాగదీశాం. మూడు ఊళ్ల పరీక్ష మిషన్లూ మదనపల్లెలోని ఒకే ల్యాబ్ సర్వర్‌తో మాట్లాడేవి.

మా అడ్మినిస్ట్రేటర్ రామ్మూర్తి గారికి ఇది ఎంతకీ నమ్మకం కుదరలేదు.

"బయటి నెట్టే లేని మిషన్ని నువ్వు యాడ్నుంచి కాపీ చేస్తావు సుగుణమ్మా?"

"దాని తలుపు కొట్టేదే లేదు సార్. ఓనరు దగ్గర తాళాలుండాయి," అన్నాను.

యంత్రం ఏ నెట్‌వర్క్‌లో ఉన్నా, అసలు ఏ నెట్‌వర్క్‌లోనూ లేకపోయినా, కాపీ హైపర్‌వైజర్ దారిలోనే పోతుంది. ఆ దారి కూడా ఊరినిబట్టి మారేది. మదనపల్లెలో బ్యాకప్ సర్వర్ నుంచి డిస్కులన్నీ ఉండే స్టోరేజీ పెట్టెకు నేరుగా ఫైబర్ ఉండేది, కాబట్టి ఆసుపత్రి నెట్‌వర్క్‌ను ముట్టుకోకుండా అక్కడినుంచే చదివేవాళ్లం. పుంగనూరులో అంత సౌకర్యం లేదు. అక్కడ అదే హోస్టులో, అంటే వాటాలున్న ఆ పెద్ద సర్వర్‌లోనే, ఒక సహాయక యంత్రం పెట్టి, స్నాప్‌షాట్ డిస్కును కాసేపు దానికి తగిలించి చదివించేవాళ్లం. కుప్పంలో ఉన్నది చిన్న హోస్టు. అక్కడ హైపర్‌వైజర్ సొంత నెట్‌వర్క్ మీదనుంచే, ముందురోజు నుంచి మారిన ముక్కలను మాత్రం లాగేవాళ్లం. నెమ్మదిగానే వచ్చేవి, కానీ వచ్చేవి.

ఓనరు తాళాలు తీసి చూపిస్తాడు నిజమే. ఏ గదిని చూపించొద్దని ఎవరైనా ఆయనకు చెప్పి ఉంటే, ఆ గదిని చూపించడు. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుని ముందుకు చదవండి.

పసుపు రంగు నచ్చని మనిషి

రామ్మూర్తి గారు చెడ్డవారు కారు. రోగి బంధువులు గొడవకు వస్తే ముందు ఆయనే ఎదురు వెళ్లేవారు, మా మీదికి రానిచ్చేవారు కాదు. కానీ ఆయనకు రంగుల పిచ్చి. బ్యాకప్ బాగా జరిగితే తెరమీద ఆకుపచ్చ, హెచ్చరిక ఉంటే పసుపు, చెడితే ఎరుపు. యాజమాన్యం మీటింగులో తెరంతా ఆకుపచ్చగా కనిపించాలని ఆయన పంతం.

ల్యాబ్ సర్వర్‌కు స్నాప్‌షాట్ తీసే క్షణంలో యంత్రం ఒక రెప్పపాటు బిగుసుకుపోతుంది. అప్పుడప్పుడూ ఆ రెప్పపాటులో పరీక్ష మిషన్ పంపిన ఫలితం జారిపోయేది. ల్యాబ్ ఇన్‌చార్జి లీల మళ్లీ పరీక్ష చేసి తిట్టుకునేది. మిషన్ల కంపెనీవాళ్లు బెంగళూరు నుంచి ఒక ఇంజినీరును పంపారు. ఆయన సర్వర్‌ను ఆపి, ఏదో సరిచేసి, "ఇంక ప్రాబ్లం రాదు" అని చెప్పి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. నిజంగానే మళ్లీ ఫలితాలు జారిపోలేదు. లీల సంతోషించింది, నేనూ సంతోషించాను.

ఆయన చేసిందేమిటంటే, రోగుల వివరాలుండే డేటా డిస్కును స్నాప్‌షాట్‌కు అందని డిస్కుగా మార్చాడు. ఆ రోజు నుంచి బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఆ డిస్కును వదిలేసి, ప్రోగ్రాములుండే డిస్కును మాత్రమే కాపీ చేసింది. చేస్తూ పసుపు రంగులో హెచ్చరించింది కూడా. సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. ఆ పసుపు మీటింగులో కనపడటం ఇష్టంలేక రామ్మూర్తి గారు సాఫ్ట్‌వేర్ అమ్మిన డీలరుకు చెప్పి హెచ్చరికలు తెరమీదికి రాకుండా చేయించారు. నాతో అనలేదు. పసుపు ఎందుకు మాయమైందని మా విభాగంలో అడిగినవాళ్లూ లేరు. ఏటా పుంగనూరులో కాపీని వెనక్కి తెచ్చి పరీక్షించేవాళ్లం. యంత్రం లేచేది, లాగిన్ పేజీ వచ్చేది, అందరం టీ తాగేవాళ్లం.

లాగిన్ పేజీ చూసి పరీక్ష అయిందనుకోకండి. లోపలికి వెళ్లి, ఒక రోగి పేరు కొట్టి, ఆ రోగి రిపోర్టు కళ్లారా చూడండి. అప్పుడు తాగండి టీ.

రెడ్డెమ్మ

మదనపల్లె స్టోరేజీలో ల్యాబ్ డేటా ఉన్న భాగం ఒక ఉదయం చెడిపోయింది. డిస్కులు ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. కుప్పం యంత్రాలను ఇక్కడినుంచి నడిపించే సర్వర్ కూడా ఆ భాగంలోనే ఉండేది, అదీ పడిపోయింది. నేను మొదట కంగారుపడలేదు.

"నిన్నటి కాపీ ఉండాది లీలా. మధ్యాహ్నానికల్లా లేపిస్తా. అంతదాకా చేత్తో రాసుకోండి," అని చెప్పాను.

ఆ మాట నోట్లో ఉండగానే కుప్పం నుంచి డాక్టర్ హేమలత ఫోన్ చేసింది. ఆమె అక్కడి గైనకాలజిస్టు. గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు గొంతు వేరేగా ఉంది.

"సుగుణమ్మా, ఈడ రెడ్డెమ్మ అని ఒక పేషంటు ఉండాది. వి.కోట. మొగుడు శంకరప్ప. బిడ్డ మాయ దారికి అడ్డం పడింది, రక్తం పోతా ఉండాది. మధ్యాహ్నం దాటితే నేను ఆగలేను, ఆపరేషన్ చెయ్యల్ల. రక్తం చాలా పడుతుంది."

"రక్తం దొరకలేదా మేడం?"

"దొరకడం కాదమ్మా. ఇంతకుముందు మదనపల్లెలో మన ఆసుపత్రిలోనే ఈమెకు రక్తం ఎక్కించినారంట. నీ రక్తం అందరి రక్తంతో కలవదు అని అప్పుడు చెప్పినారంట. అంటే ఏదో యాంటీబాడీ కనిపెట్టినారు. ఇప్పుడు ఈడ పరీక్ష చేస్తే ఏమీ కనపడటం లేదు."

కనపడకపోతే మంచిదే కదా అన్నాను, తెలియక. ఆమె ఓపిగ్గా చెప్పింది. కొన్ని యాంటీబాడీలు కొన్నేళ్లకు పరీక్షకు అందనంతగా తగ్గిపోతాయట. పరీక్షలో ఏమీ లేదని అదే రకం రక్తం ఎక్కిస్తే, శరీరం గుర్తుపట్టి కొత్తగా ఎక్కించిన రక్తాన్నంతా నాశనం చేస్తుందట. ఆపరేషన్ బాగా జరిగినా కొన్ని రోజులకు మనిషి కామెర్లొచ్చినట్టు పచ్చబడి ప్రాణం మీదికి రావచ్చట.

"నాకు ఆ యాంటీబాడీ పేరు కావల్ల. పేరు తెలిస్తే అది లేని రక్తం వెతికిస్తా. పాత రిపోర్టు మీ ల్యాబ్ సర్వర్లో ఉండాది కదా?"

"ఆమె దగ్గర కాయితం లేదా?"

"వానకు ఇల్లు కారి తడిసిపోయిందంట."

ఫోన్ పెట్టేసి బ్యాకప్ తెరిచాను. నిన్నటి కాపీలో ఒక్క డిస్కే ఉంది. మొన్నటిదీ అంతే. వారం కిందటిదీ, నెల కిందటిదీ అంతే. వెనక రామ్మూర్తి గారు నిలబడి ఉన్నారు.

"రోజూ ఆకుపచ్చే కదమ్మా ఉండేది?" అన్నారు.

"ఆ పచ్చరంగు తీసుకెళ్లి ఆ తల్లికి ఎక్కించండి సార్," అన్నాను. ఉద్యోగంలో నేను అన్న మాటల్లో అదే అతి కటువైంది. ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

కుప్పం పెట్టె

నెలకొక కాపీని కుప్పానికి పంపి అక్కడ దాచేవాళ్లం. మదనపల్లెలో నిప్పంటుకున్నా ఒక కాపీ మిగలాలని చేసిన ఏర్పాటు. అవి కొన్నేళ్లపాటు ఉంటాయి. వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్లాను. బెంగళూరు ఇంజినీరు రాకముందు నెల కాపీలో రెండు డిస్కులూ ఉన్నాయి. అది రెడ్డెమ్మకు మదనపల్లెలో రక్తం ఎక్కించిన తర్వాతి కాపీయే. ప్రాణం లేచి వచ్చింది.

దాన్ని మదనపల్లెకు తెప్పించాలంటే ఆ లైను మీద మర్నాటికి గానీ రాదు. కాబట్టి కుప్పంలోనే, అక్కడి హోస్టు మీదే లేపాలి. నేను ఇక్కడినుంచి నడిపే సర్వర్ పడిపోయింది కనుక చేతులు కుప్పంలోని మునెప్పవి, మాట నాది. మునెప్ప అక్కడి కంప్యూటర్లు చూసుకునేవాడు. నెమ్మదస్తుడు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, అదే అతని గుణం, అదే ఆ రోజు నా భయం.

"రిస్టోర్ మొదలుపెట్టినానక్కా. తెరమీద గీత కదుల్తాండాది," అన్నాడు.

"అయ్యాక తనంతట తాను ఆన్ అవుతుందేమో సూడు. ఆ టిక్ తీసెయ్. నెట్‌వర్క్ కార్డు దగ్గర కనెక్ట్ అని ఇంకో టిక్ ఉంటుంది. అదీ తీసెయ్."

"నెట్‌వర్క్ తీసేస్తే ల్యాబ్ పీసీలో డాక్టరమ్మకు యాడ కనపడుతుందక్కా?"

అతని ప్రశ్న సరైందే. ల్యాబ్ పీసీలు నెట్‌వర్క్ మీదుగానే ఆ సర్వర్‌ను చూస్తాయి. కానీ కాపీ అయిన యంత్రం తన పాత అడ్రసునూ, తానున్న నెట్‌వర్క్ పేరునూ గుర్తుపెట్టుకుంటుంది. వేరే ఊళ్లో లేపితే ఆ పేరుగల నెట్‌వర్క్ అక్కడ ఉండదు కాబట్టి మామూలుగా అది ఒంటరిగా లేస్తుంది. మేము మూసిన నెట్‌వర్క్‌ను మూడు ఊళ్లకూ సాగదీసి, మూడుచోట్లా ఒకే పేరు పెట్టాం. కుప్పంలో ఆ పేరు సిద్ధంగా ఉంది. లేవగానే అది సొంత ఇంట్లోకి వచ్చినట్టు కలిసిపోతుంది.

కలిస్తే ఏమవుతుంది? ల్యాబ్‌లో రక్తం సీసాల నంబర్లు ప్రతిరోజూ ఒకటి నుంచి మొదలవుతాయి. అసలు సర్వర్ లేకపోవడంతో ఆ రోజు ఫలితాలన్నీ మూడు ఊళ్ల పరీక్ష మిషన్లలోనే ఆగి ఉన్నాయి. పాత యంత్రం లేచి "నేనొచ్చాను" అనగానే మిషన్లన్నీ వాటిని దాంట్లో కుమ్మరిస్తాయి. దాంట్లో కాపీ తీసిన నాటికి ఫలితం రాని పరీక్షలు అలాగే ఉంటాయి. ఈ రోజు ఐసీయూ మనిషి ఫలితం, అదే నంబరుతో అప్పుడు వచ్చిన ఎవరి పేరుకో అతుక్కుంటుంది. పంపేశాను కదా అని మిషన్ తన దగ్గరున్నది చెరిపేస్తుంది.

ఇది నేను మునెప్పకు చెప్పేలోపు రామ్మూర్తి గారు సెల్‌ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లారు. హేమలత ఆయనకు ఫోన్ చేసిందట, ఇంకా ఎంతసేపని. ఆయన నేరుగా మునెప్పకు కాల్ చేశారు. మునెప్ప నన్ను ఆపి ఆయనతో మాట్లాడి, మళ్లీ నా కాల్‌లోకి వచ్చాడు.

"అక్కా, సార్ నెట్‌వర్క్ కలపమంటాండాడు. నువ్వు వద్దంటాండావు. ఈడ ఆయమ్మకు రక్తం పోతాండాది. నేనెవురి మాట వినేది?"

"ముట్టుకోవద్దు మునెప్పా! ఇద్దరినీ ఒకే కాల్‌లో కలుపు."

కలిపాడు. రామ్మూర్తి గారు వరండాలోనుంచి, నేను గదిలోనుంచి, ఒకరికొకరం కనపడుతూనే ఫోన్లో అరుచుకున్నాం.

"మనిషి పోతాండాదమ్మా ఆడ! నీ రూల్స్ తర్వాత సూసుకుందాం!"

"ఒక మనిషికోసం కలిపితే ఐసీయూలో ఉండేవాళ్ల రిపోర్టులు వేరేవాళ్ల పేరుమీదికి పోతాయి సార్. ఎవురి షుగరు ఎవురికో రాసుకుని ఇన్సులిన్ ఇస్తారు. మీకది సమ్మతమా? సమ్మతమైతే మీరే చెప్పండి, మునెప్ప కలుపుతాడు. నేను అడ్డం రాను."

కిటికీలోంచి ఆయన్ను చూస్తున్నాను. జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు.

"నెట్‌వర్క్ లేకుండా చూపించేదానికి దారి ఉండాదా?" అన్నారు చివరికి.

"ఉండాది. హైపర్‌వైజర్ తెరలోంచే ఆ యంత్రం ముఖం సూడొచ్చు. దానికి నెట్‌వర్క్ అక్కర్లేదు. ల్యాబ్ ప్రోగ్రాం సర్వర్లోనే తెరుస్తాం."

"అట్లయితే అక్క చెప్పినట్లే చెయ్యప్పా," అన్నారాయన మునెప్పతో. వెంటనే నాతో, "డాక్టరమ్మకు జవాబు నువ్వు చెప్పుకో," అన్నారు.

తండ్రి పేరు

యంత్రాన్ని ఒంటరిగా ఆన్ చేశాం. నెట్‌వర్క్ లేని సర్వర్ తొందరగా లేవదు. చుట్టూ తన వాళ్లెవరైనా ఉన్నారేమోనని వెతుక్కుంటూ కూర్చుంటుంది. మునెప్ప "ఇంకా నల్లగానే ఉండాదక్కా" అంటున్నాడు. ఆపి మళ్లీ ఆన్ చేద్దామా అని అడిగాడు. వద్దన్నాను. అప్పుడు ఆపితే డేటాబేసు సగంలో చెడుతుంది. వద్దనడం సులువే, వద్దని చెప్పి ఊరికే కూర్చోవడం నరకం. మధ్యలో హేమలత మళ్లీ ఫోన్ చేసింది.

"ఆమెను థియేటర్‌లోకి తీసుకుంటాండాం సుగుణమ్మా. పేరు దొరికితే వెంటనే చెప్పు. లేదంటే ఉన్న రక్తంతోనే దేవుడిమీద భారం వేసి చేస్తా."

లాగిన్ వచ్చింది. అప్పటికి మా గదికి వచ్చిన లీల పాస్‌వర్డు చెప్పింది. మునెప్ప రెడ్డెమ్మ అని కొట్టాడు. మా ప్రాంతంలో ఆ పేరెంతమందికుందో బయటివాళ్లకు తెలియదు. రెడ్డెమ్మ కొండకు మొక్కుకుని కన్న ఆడపిల్లలందరికీ అదే పేరు. తెర నిండిపోయింది.

"భర్త పేరు శంకరప్ప. ఊరు వి.కోట. దాంతో సూడు."

"ఒక్కటీ లేదక్కా."

"కుప్పం అని కొట్టు."

"లేదు."

వయసుతో చూశాం. ఎవరూ సరిపోలేదు. కాపీలోనే ఆ రికార్డు లేదేమో అనుకున్నాను. అప్పుడు వరండాలోంచి తిరిగొచ్చిన రామ్మూర్తి గారు నా భుజం మీదనుంచి వంగి ఫోన్లోకి అడిగారు.

"మునెప్పా, ఆయమ్మ మొగుడు బయట ఉండాడా? మదనపల్లెలో చేరింది యాలనో, దేనికోసమో అడుగప్పా."

మునెప్ప పరిగెత్తిపోయి వచ్చాడు. "తొలి కాన్పంట సార్. బిడ్డ దక్కలేదంట."

"తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చుంటాది కదమ్మా," అన్నారు రామ్మూర్తి గారు నాతో. "చేర్పించింది తండ్రి. తండ్రి పేరే రాయించుంటాడు. యావూరో కనుక్కో."

పుట్టింటివాళ్లది కలకడ. తండ్రి వెంకటరమణ. ఆ పేరు కొట్టగానే ఒకే ఒక్క రెడ్డెమ్మ మిగిలింది. మునెప్ప తెరమీదున్న ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటిగా చదివాడు. లీల నా చేతిలోనుంచి ఫోన్ లాక్కుని వాటిని వింది.

"కిడ్! కిడ్ గ్రూపు యాంటీబాడీ. డాక్టరమ్మకు చెప్పు మునెప్పా, పరిగెత్తు!"

ఆ రకం లేని రక్తాన్ని పెద్ద బ్లడ్ బ్యాంకులో వెతికించి తెప్పించారు. అది వచ్చేదాకా హేమలత రక్తస్రావాన్ని ఎలా అదుపులో పెట్టిందో నాకు తెలియదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. మగబిడ్డ పుట్టాడు. తల్లి బతికింది. కొన్ని రోజుల తర్వాత కూడా ఒళ్లు పచ్చబడలేదని విన్నాక నేను బాత్‌రూంలోకి వెళ్లి ఏడ్చాను.

నెట్‌వర్క్ విషయంలో నేను చెప్పింది సరి. ఆ పేరు విషయంలో రామ్మూర్తి గారు చెప్పింది సరి. మీరు పనిచేసే చోట ఎవరితో పోట్లాడినా, ఆ మనిషిని గదిలోంచి బయటికి మాత్రం పంపకండి.

మిగిలినవాళ్లు

అందరూ సంతోషంగా ఉన్న రోజున హేమలత ఫోన్ చేసి ఒక ప్రశ్న అడిగింది.

"ఆ ఇంజినీరు వచ్చిపోయినాక, మీ డిస్కు పోయేదాకా, ఇట్లాంటి యాంటీబాడీలు ఎంతమందికి కనిపెట్టినారమ్మా?"

నేను లీలవైపు చూశాను. ఆ కాలానికి కాపీ లేదు. పోయిన డేటా రాబట్టడానికి స్టోరేజీ డిస్కులను బెంగళూరు పంపాం, ఏమీ రాలేదని తిరిగొచ్చాయి. లీలకు ఇద్దరు గుర్తున్నారు. పుంగనూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. చౌడేపల్లె వైపు నుంచి, చంకలో బిడ్డతో వచ్చిన ఒక అమ్మాయి. పేర్లు గుర్తులేవు. రిపోర్టు వార్డుకు పంపింది గానీ, దాని సంగతి వాళ్లకు విడమరిచి చెప్పారో లేదో తెలియదు.

బిల్లింగు యంత్రం భద్రంగా ఉంది. రక్తం ఎక్కించినవాళ్ల ఫోన్ నంబర్లన్నీ అందులోంచి తీశాం. ఆసుపత్రి పేరు చెడుతుందని యాజమాన్యంలో కొందరు వద్దన్నారు. "చెడనీయండి," అన్నది రామ్మూర్తి గారే. ఆయనా లీలా నేనూ మా మా ఫోన్లనుంచి ఒక్కొక్కరికే చేశాం. పుంగనూరు పెద్దాయన దొరికాడు. ఆయన ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి దేవుడి పటం వెనక పెట్టుకున్నాడు. అది విని ముగ్గురం నవ్వాం.

చౌడేపల్లె నంబర్లన్నీ తిప్పాం. ఒక్కటి తప్ప అందరూ పలికారు. పలికినవాళ్లలో ఆ అమ్మాయి లేదు. పలకని నంబరు ఇంటికి ఆంబులెన్సు డ్రైవరును పంపాం. వాళ్లు కట్టడం పనులకు బెంగళూరు పోయారని, అడ్రసు ఎవరికీ తెలియదని పక్కింటివాళ్లు చెప్పారు.

ఆమె ఎక్కడో బతుకుతూ ఉంటుంది. రేపు ఏ ఆసుపత్రిలోనైనా రక్తం అవసరమై పరీక్ష చేస్తే, అందులో ఏమీ కనపడకపోవచ్చు. అన్నీ బాగున్నాయని ఎక్కిస్తారు. నేను రిటైరయ్యాను, సర్వర్లు మారాయి, ఆ మూసిన నెట్‌వర్క్ కూడా ఇప్పుడు లేదు. ఆ నంబరు మాత్రం నా ఫోన్లో ఉంది. నిన్న కూడా చేశాను. స్విచాఫ్.